తరగతిలో పుట్టిన క్రీడ - బాస్కెట్ బాల్

విద్యాలయమన్నంతనే మన కన్నుల ముందు నిలిచేవి నల్లబల్ల, బెంచీలు, ఉపాధ్యాయుని కంఠస్వరం. ఆటస్థలం సాయంకాలం గంట కొట్టిన తరువాత మాత్రమే జ్ఞాపకానికి వస్తుంది. చదువు ఒక దారి, ఆట మరొక దారి అనే అభిప్రాయం మన సమాజంలో లోతుగా పాతుకొని పోయింది. "ఆటలాడి చెడిపోయాడు" అనే మాట మన ఇండ్లలో ఎంత తరచుగా వినవస్తుందో, "ఆటలాడి బాగుపడ్డాడు" అనే మాట అంత అరుదుగా వినవస్తుంది. అయితే ఈనాడు ప్రపంచమంతటా లక్షలాది యువతీ యువకులు ఆడుతున్న ఒక క్రీడ, ఒక తరగతి తెచ్చిపెట్టిన చిక్కును విప్పడానికి ఒక అధ్యాపకుడు పడిన మథనంలో నుండి పుట్టిందనే సంగతి చాలమందికి తెలియదు. ఆ క్రీడ బాస్కెట్ బాల్. అది పుట్టిన చోటు ఒక అంతర్జాతీయ శిక్షణ పాఠశాల. క్రికెట్టు, ఫుట్‌బాల్, మన చెడుగుడు మొదలైన ఆటలు ఎవరు, ఎప్పుడు, ఎందుకు ప్రారంభించారో చెప్పడం కష్టం. బాస్కెట్ బాల్‌కు మాత్రం పుట్టిన ఊరు, పుట్టిన నెల, పుట్టించిన వ్యక్తి, పుట్టడానికి కారణం అన్నీ తెలుసు. అందుచేత దాని చరిత్ర క్రీడాకారులకెంత ఉపయోగకరమో, పాఠం చెప్పేవారికీ, పాఠం వినేవారికీ, విద్యాలయాలను నడిపేవారికీ అంత ఉపయోగకరం.

స్ప్రింగ్‌ఫీల్డ్ పాఠశాల

అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే పట్టణమున్నది. అక్కడ 1885లో ఒక శిక్షణాలయం వెలసింది. 1891 నాటికి అది అంతర్జాతీయ వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలగా ప్రసిద్ధి పొందింది. యువజన సంఘాలను నిర్వహించే కార్యదర్శులను, ఆ సంఘాల వ్యాయామశాలలలో పనిచేసే బోధకులను తయారు చేయడం దాని ముఖ్యోద్దేశం. 'అంతర్జాతీయ' మనే విశేషణం మొదట అమెరికా, కెనడా దేశాలు రెంటినీ కలుపుకొని చెప్పినదే. అయినా మనం చెప్పుకోబోయే ఒక్క తరగతిలోనే అమెరికా విద్యార్థులతో పాటు నలుగురు కెనడా వారు, ఇషికావా అనే ఒక జపాను విద్యార్థి కూడ ఉండడం చూస్తే ఆ పేరు సార్థకమనే చెప్పాలి.

ఆ పాఠశాలలో వ్యాయామ విద్యాశాఖకు అధిపతి లూథర్ గ్యూలిక్. హవాయి దీవుల్లోని హొనలూలూలో పుట్టిన ఆయనకు అప్పటికి ఇరవై ఆరేండ్లు. దేహం, బుద్ధి, ఆత్మ అనే మూడూ సమంగా వికసించినప్పుడే మనిషి సంపూర్ణుడవుతాడని ఆయన విశ్వాసం. త్రిభుజాకారంలో ఉండే వై.ఎం.సి.ఎ. చిహ్నానికి మూలం ఈ భావనే. అక్కడ వ్యాయామం చదువుకు తోక కాదు, చదువులో మూడవ పాలు.

గ్యూలిక్ వద్ద అధ్యాపకుడుగా చేరిన వ్యక్తి జేమ్స్ నైస్మిత్. ఆయన 1861లో కెనడాలోని అంటారియో ప్రాంతంలో జన్మించారు. తొమ్మిదవ ఏట విషజ్వరం తల్లినీ తండ్రినీ తీసుకొనిపోయింది. మేనమామ ఇంట పెరిగారు. మధ్యలో బడి మానివేసి, అడవులలో కలపకొట్టే పనిలో కొన్నేండ్లు కూలిగా శ్రమించారు. ఇరవయ్యో ఏట సిగ్గుపడక మళ్ళీ చిన్న పిల్లల సరసన బడిలో కూర్చున్నారు. అక్కడి నుండి మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో పట్టం పుచ్చుకొని, తరువాత మత విద్యలో కూడ ఉత్తీర్ణులై, 1890లో స్ప్రింగ్‌ఫీల్డ్ చేరారు. చదువు మధ్యలో ఆగిపోయిన వానిలో కూడ సరకు ఉంటుందని ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు. తన జీవితమే అందుకు సాక్ష్యం.

ఎవరికీ లొంగని తరగతి

స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చలికాలం అతి కఠినం. నేలంతా మంచు కప్పి ఉంటుంది. ఫుట్‌బాల్ కాలం ముగిసి బేస్‌బాల్ కాలం ప్రారంభమయ్యే వరకు విద్యార్థులు వ్యాయామశాల నాలుగు గోడల మధ్యనే కసరత్తు చేయాలి. ఆ కసరత్తు ఎటువంటిది? వరుసలు కట్టి నడవడం, చెప్పినట్లు చేతులు చాపడం, ముడవడం, కర్రగుర్రం మీదుగా దూకడం. జర్మను పద్ధతి, స్వీడను పద్ధతి, ఫ్రెంచి పద్ధతి అని పేర్లు వేరైనా సారం ఒకటే. మన పాఠశాలల డ్రిల్లు తరగతిని చూచిన వారికి ఇది వివరించనక్కరలేదు.

కార్యదర్శి శిక్షణ పొందుతున్న తరగతిలో పద్దెనిమిది మంది ఉన్నారు. వారు పసిపిల్లలు కారు. మీసాలు వచ్చిన యువకులు. వారిలో కొందరు మంచి ఫుట్‌బాల్ ఆటగాళ్ళు. ముందు ముందు వారు చేయబోయేది సంఘ కార్యదర్శి ఉద్యోగం గాని, వ్యాయామ బోధన కాదు. అయినా దినానికొక గంట వ్యాయామశాలలో గడపవలసినదే. ఒకటి, రెండు అంటూ చేతులు ఊపడం వారికి పరమ విసుగు. ఒక అధ్యాపకుడు ప్రయత్నించి విరమించుకొన్నాడు. రెండవ అధ్యాపకుడు ప్రయత్నించి అతడూ చేతులెత్తేశాడు. ఆ తరగతికి 'దారికి రాని తరగతి' అనే ముద్ర పడిపోయింది.

ఇటువంటి తరగతులు ప్రతి విద్యాలయంలోనూ ఉంటాయి. "ఆ సెక్షను బాగుపడదండీ, వదిలేయండి" అనే మాట అధ్యాపకుల గదిలో వినని వారెవ్వరు? ఆ మాటను ఈ వ్యాసరచయిత కూడ ఒకప్పుడు అన్నవాడే. అన్న తరువాత మనస్సు తేలికపడుతుంది. తప్పు మనది కాదని తృప్తి కలుగుతుంది. ఆ తృప్తి ఎంత ప్రమాదకరమో స్ప్రింగ్‌ఫీల్డ్ కథ చెబుతుంది.

అధ్యాపకుల సమావేశంలో ఈ తరగతి ప్రస్తావన వచ్చినప్పుడు, దోషం విద్యార్థులలో లేదు, మనం అనుసరిస్తున్న పద్ధతిలో ఉన్నదని నైస్మిత్ అన్నారు. ఇటువంటి వారికి కావలసినది వినోదంతో కూడిన, పోటీకి అవకాశమిచ్చే ఆట అని ఆయన అభిప్రాయం. అంతటితో ఊరుకొనక గ్యూలిక్ ఆ తరగతిని ఆయనకే అప్పగించారు. మాట అన్నవాడే పని చేసి చూపాలి గదా! నైస్మిత్‌కు ఇది ఇష్టం లేదు. అయినా కాదనలేక రెండు వారాల గడువుతో ఆ బాధ్యతను స్వీకరించారు.

పదునాలుగు దినాల మథనం

మొదట ఆయన కొత్త ఆటను సృష్టించాలని అనుకోలేదు. ఉన్న ఆటలనే గది లోపలికి తెచ్చి సరిపెట్టాలని చూచారు. ఫుట్‌బాల్‌ను సవరించి లోపల ఆడించారు. నున్నని కొయ్యనేల మీద ఒకరినొకరు పట్టి పడవేసుకొంటే ఎముకలు విరిగే స్థితి ఏర్పడింది. ఆటను మెత్తబరిస్తే ఆటగాళ్ళకు రుచించలేదు. తరువాత కాలితో తన్నే సాకర్ ఆటను ప్రయత్నించారు. కిటికీ అద్దాలకు ముప్పు, కాళ్ళకు దెబ్బలు. వ్యాయామ పాఠం కాస్తా ప్రథమ చికిత్స పాఠమైపోయింది. చివరకు కెనడా వారి లాక్రాస్ అనే వల కర్రల ఆటను పెట్టారు. చేతులకు, ముఖాలకు గాయాలు తప్ప ఫలితం లేదు. గడువు పూర్తి కావచ్చింది. తానూ ఓడిపోయిన మూడవ అధ్యాపకుడనే కాబోతున్నానని నైస్మిత్ కుమిలిపోయారు.

అప్పుడాయన పద్ధతి మార్చారు. ఒక ఆటను తీసుకొని దానిని సవరించడం మాని, అన్ని ఆటలనూ విడదీసి, ఏ అంశం ఏ ఫలితాన్నిస్తున్నదో పరిశీలించడం ప్రారంభించారు. కొత్తదనేది శూన్యంలో నుండి ఊడిపడదు, పాత అంశాలను కొత్త విధంగా కలపడమే కొత్తదనమని గ్యూలిక్ తన మనస్తత్వశాస్త్ర తరగతిలో చెబుతుండేవారు. ఆ పాఠం ఇప్పుడు అక్కరకు వచ్చింది. ఆ ఆలోచన సాగిన తీరు తర్కశాస్త్ర విద్యార్థులు కూడ చదువదగినది.

మొదటి ప్రశ్న: ఏ ఉపకరణంతో ఆడాలి? జనాదరణ గల ఆటలన్నింటిలోనూ బంతి ఉన్నది. చిన్న బంతి అయితే దానిని కొట్టడానికి కర్ర గాని, బ్యాటు గాని కావాలి. కర్ర ఉంటే దెబ్బలు తప్పవు, నేర్చుకొనడం కూడ కష్టం. కనుక చేతులతోనే ఆడగల పెద్ద బంతి, తేలికైన బంతి కావాలి.

రెండవ ప్రశ్న: ఫుట్‌బాల్‌లో ఆటగాళ్ళు ఒకరినొకరు ఎందుకు పడవేస్తారు? బంతి పట్టుకొని పరుగెత్తే వానిని ఆపడానికి. అయితే పరుగెత్తడమే నిషేధిస్తే? అప్పుడు పడవేయవలసిన అవసరమే ఉండదు! బంతి అందుకొన్నవాడు అందుకొన్న చోటనే నిలిచి ఇతరులకు విసరాలి. ఈ ఊహ తట్టిన క్షణంలో తనకు దారి దొరికిందని నైస్మిత్ గ్రహించారు. "ఒకరినొకరు కొట్టుకొనకండి" అని ఎంత బోధించినా ప్రయోజనం లేకపోయింది. కొట్టుకొనవలసిన కారణాన్ని తీసివేసేసరికి సమస్య దానంతట అదే సగం తీరిపోయింది.

మూడవ ప్రశ్న: గోలు ఎట్లా ఉండాలి? నిలువుగా ఉండే గోలులోనికి బంతిని ఎంత బలంగా విసిరితే అంత లాభం. అంత అపాయం కూడ. ఇక్కడ ఆయనకు బాల్యంలో స్వగ్రామంలో ఆడిన ఒక ఆట జ్ఞాపకం వచ్చింది. ఒక పెద్ద బండపై చిన్న రాయి నిలిపి, దూరం నుండి రాళ్ళు విసిరి దానిని పడగొట్టే ఆట అది. మన పిల్లలు ఆడే ఏడుపెంకులాటకు దూరపు చుట్టమనవచ్చు. ఆ ఆటలో బలంగా విసిరినవాని రాయి గురి తప్పితే దూరంగా పోయి పడేది. దానిని తెచ్చుకొనే లోపల అతడు దొరికిపోయేవాడు. రాయిని మెల్లగా వంపుగా ఎగురవేసిన వానికే లాభం. అదే సూత్రం! గోలును ఆకాశం వైపు తెరచి ఉండేటట్లు పెడితే బంతిని వంపుగా, నేర్పుగా వేయక తప్పదు. అప్పుడు బలానికి గాక గురికి విలువ. మరి ప్రత్యర్థులంతా గోలు చుట్టూ మూగితే? గోలును అందరి తలలకంటె ఎత్తులో పెడితే సరి.

ఈ విధంగా ఒక్కొక్క చిక్కుకు ఒక్కొక్క జవాబుగా ఆట రూపొందింది. అది ఆటగాని చేతిలో గాక అధ్యాపకుని మెదడులో పుట్టిందన్నది ఇందుకే.

రెండు పండ్ల బుట్టలు

మరునాటి ఉదయం నైస్మిత్ ఒక సాకర్ బంతిని చంకన పెట్టుకొని పాఠశాలకు వచ్చారు. పాఠశాల భవనాన్ని చూచుకొనే స్టెబిన్స్ అనే ఉద్యోగిని, అడుగున్నర కొలత గల పెట్టెలు రెండు కావాలని అడిగారు. పెట్టెలు లేవు గాని, సామాను గదిలో పీచ్ పండ్లు తెచ్చిన బుట్టలు రెండున్నాయని ఆయన జవాబిచ్చారు. ఆ బుట్టలనే వ్యాయామశాల రెండు చివరల బాల్కనీ కమ్మీకి మేకులతో బిగించారు. ఆ కమ్మీ నేల నుండి పది అడుగుల ఎత్తున ఉన్నది. ఈనాటికీ ప్రపంచంలో ఏ మూల ఆడినా బాస్కెట్ బాల్ వలయం ఎత్తు పది అడుగులే. ఏ శాస్త్రమూ నిర్ణయించని ఆ కొలతను ఒక బాల్కనీ నిర్ణయించింది. పెట్టెలు దొరికి ఉంటే ఆట పేరు కూడ మరొకటి అయ్యేదేమో!

పదమూడు నిబంధనలను ఆయన ఒక్క గంటలోపల వ్రాశారు. కార్యాలయంలోని టైపిస్టు వాటిని రెండు కాగితాల మీద టైపు చేసి ఇచ్చారు. నైస్మిత్ ఆ కాగితాలను వ్యాయామశాల ప్రకటనల పలకకు గుచ్చారు. తరగతి గుంపుగా వచ్చింది. అందరికంటె ముందు వచ్చిన ఫ్రాంక్ మహాన్ అనే విద్యార్థి, పలకను, బుట్టలను చూచి, ఇంకొక కొత్త ఆటా అని పెదవి విరిచాడు. ఇది ఒక్కటి ఆడి చూడండి, నచ్చకపోతే ఇక ఏ కొత్త ఆటా పెట్టనని నైస్మిత్ వారిని ఒప్పించారు.

పద్దెనిమిది మందిని తొమ్మిదేసి మంది చొప్పున రెండు జట్లుగా విభజించారు. కెనడాకు చెందిన డంకన్ పాటన్ ఒక జట్టుకు నాయకుడు. బంతిని మధ్యలో ఎగురవేయడంతో ఆట ప్రారంభమైంది. 1891 డిసెంబరు మాసంలో జరిగిన ఆ తొలి ఆటలో ఒకే ఒక్క గోలు పడిందని, దానిని విలియం చేజ్ అనే విద్యార్థి దూరం నుండి వేశాడని చెబుతారు. ఫౌళ్ళకు మాత్రం లెక్క లేదు. బుట్టకు అడుగు ఉన్నందువల్ల గోలు పడినప్పుడల్లా పైకెక్కి బంతి తీయవలసి వచ్చేది. అయినా గంట కొట్టిన తరువాత కూడ ఆ తరగతి కదలలేదు. ఎవరికీ లొంగని తరగతి, ఇక చాలు పొండని చెప్పినా పోని తరగతి అయింది.

పెదవి విరిచిన మహానే కొన్ని దినాలకు నైస్మిత్ వద్దకు వచ్చి ఆటకు పేరేమి పెడతారని అడిగాడు. నైస్మిత్ బాల్ అందామా అన్నాడు. ఆ పేరు పెడితే ఏ ఆటైనా చచ్చిపోతుందని గురువు నవ్వారు. అయితే బుట్ట ఉన్నది, బంతి ఉన్నది, బాస్కెట్ బాల్ అందామని శిష్యుడన్నాడు. ఆ పేరే నిలిచింది. ప్రకటనల పలక నుండి నిబంధనల కాగితాలను జ్ఞాపకార్థం ఎత్తుకొనిపోయినవాడూ మహానే. తరువాత తానే ఒప్పుకొని గురువుకు తిరిగి ఇచ్చాడు. ఆ రెండు కాగితాలు 2010లో వేలం వేస్తే 43 లక్షల డాలర్లకు పైగా ధర పలికాయి. ఈనాడవి నైస్మిత్ చిరకాలం పనిచేసిన కాన్సాస్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి.

నిబంధనలలోని నీతి

ఆ పదమూడు నిబంధనలలో కొన్ని గమనింపదగినవి. బంతిని ఒక చేతితో గాని రెండు చేతులతో గాని విసరవచ్చు, పిడికిలితో గుద్దరాదు. బంతితో పరుగెత్తరాదు. భుజంతో త్రోయడం, పట్టుకొనడం, నెట్టడం, కాలడ్డడం నిషిద్ధం. మొదటి తప్పు ఫౌలుగా లెక్కకు వస్తుంది. అదే మనిషి రెండవసారి తప్పు చేస్తే తదుపరి గోలు పడేవరకు బయట కూర్చోవాలి. ఎదుటివానిని గాయపరచాలనే ఉద్దేశం కనబడితే ఆట పూర్తయ్యే వరకు బయటనే, అతని స్థానంలో మరొకరిని తీసుకొనడానికి వీలు లేదు. ఒక పక్షం వారు వరుసగా మూడు ఫౌళ్ళు చేస్తే ప్రత్యర్థులకు ఒక గోలు. ఒక మనిషి చేసిన తప్పుకు జట్టంతా నష్టపోతుందని, బలానికి హద్దు ఉన్నదని విద్యార్థులు ఉపన్యాసం లేకుండానే నేర్చుకొన్నారు.

మరొక విశేషమున్నది. న్యాయనిర్ణేతలు ఇద్దరు. అంపైరు మనుషులను చూస్తాడు, ఎవరు తప్పు చేశారో నిర్ణయిస్తాడు. రిఫరీ బంతిని చూస్తాడు, గోలు పడిందా లేదా, కాలం ఎంత గడిచిందని లెక్కిస్తాడు. ఆటలో ఫలితం ఒకటి, ప్రవర్తన మరొకటి; రెంటినీ వేర్వేరుగా గమనించాలని ఆ పాఠశాల భావించింది. మన పరీక్షా విధానంలో మార్కులు లెక్కించే రిఫరీలు చాలమంది ఉన్నారు. ప్రవర్తనను గమనించే అంపైర్లు ఎందరో పాఠకులే ఆలోచించాలి.

గురుశిష్యుల పోటీ

1892 జనవరిలో పాఠశాల పత్రిక 'ట్రయాంగిల్'లో నిబంధనలు అచ్చయ్యాయి. అదే సంవత్సరం మార్చి 11వ తేదీన తొలి బహిరంగ పోటీ జరిగింది. ఒక పక్షాన అధ్యాపకులు, మరొక పక్షాన విద్యార్థులు. గ్యూలిక్, నైస్మిత్ ఇద్దరూ అధ్యాపకుల జట్టులో దిగారు. సుమారు రెండు వందల మంది చూడవచ్చారు. విద్యార్థులు ఐదు గోళ్ళు వేశారు. అధ్యాపకులకు దక్కినది ఒక్కటే. ఆ ఒక్కటి వేసిన ఏమొస్ అలొంజో స్టాగ్ తరువాతి కాలంలో అమెరికా ఫుట్‌బాల్ శిక్షకులలో మహనీయుడుగా పేరు పొందారు.

ఆటను కనిపెట్టిన గురువు, ఆ ఆటలోనే తన శిష్యుల చేతిలో ఓడిపోయాడు. అందుకు ఆయన చిన్నబుచ్చుకొన్నట్లు ఎక్కడా లేదు. శిష్యుని చేతిలో పరాజయం కోరాలని మన పెద్దలు చెప్పిన మాటకు ఇంతకంటె చక్కని ఉదాహరణ ఉండదు.

స్త్రీల ప్రవేశం

ఈ ఆట మొదటి నుండీ పురుషుల సొత్తు కాదు. మధ్యాహ్న వేళ వ్యాయామశాల నుండి వచ్చే కేకలు విని సమీపంలోని ఒక పాఠశాల ఉపాధ్యాయినులు బాల్కనీలోనికి వచ్చి చూచారు. కొన్ని దినాలలోనే మేమూ ఆడవచ్చునా అని అడిగారు. నైస్మిత్ సంతోషంతో అంగీకరించారు. ఆ కాలంలో ఆ దేశంలో కూడ స్త్రీలు పరుగెత్తి ఆడడం మర్యాద కాదనే భావన బలంగా ఉండేదని మరువరాదు. అలా ఆడిన యువతులలో ఒకరైన మాడ్ షెర్మన్ 1894లో నైస్మిత్ ధర్మపత్ని అయ్యారు.

సమీపంలోని నార్తాంప్టన్ పట్టణంలో స్మిత్ కళాశాల ఉన్నది. అక్కడ వ్యాయామం నేర్పే సెండా బెరెన్సన్ అనే విదుషి 1892లోనే ఈ ఆటను తన విద్యార్థినులకు పరిచయం చేశారు. ఆమె లిథువేనియా ప్రాంతంలో పుట్టి, చిన్నతనంలో వలస వచ్చిన కుటుంబానికి చెందినవారు. ఆటస్థలాన్ని మూడు భాగాలుగా విభజించి, ఎవరి భాగంలో వారే ఆడాలని, ఒకరి చేతిలోని బంతిని మరొకరు లాక్కొనరాదని ఆమె నియమాలను సవరించారు. 1893లో ఆ కళాశాల విద్యార్థినుల తొలి పోటీ జరిగినప్పుడు పురుష ప్రేక్షకులను లోపలికి రానివ్వలేదు. 1896లో స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల విద్యార్థినులు సాన్ ఫ్రాన్సిస్కోలో పోటీపడినప్పుడు కూడ చూడవచ్చినవారు స్త్రీలే. మర్యాద పేరుతో ఆటను మానిపించలేదు. మర్యాదకు భంగం లేని ఏర్పాటు చేసి ఆటను నిలబెట్టారు. ఆడపిల్లల క్రీడలంటే సంకోచించే తల్లిదండ్రులు, కమిటీ పెద్దలు ఈ ఒక్క విషయం గమనిస్తే చాలు.

ఖండాంతర యాత్ర

స్ప్రింగ్‌ఫీల్డ్ విద్యార్థులు చదువు ముగించుకొని ఏ దేశం వెళ్ళినా బంతిని వెంట తీసుకొని వెళ్ళారు. 1893లో పారిస్ నగరంలో ఈ ఆట ఆడారు. 1895లో చైనాలోని తియన్‌జిన్ చేరింది. 1908లో ఒమొరి అనే స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టభద్రుడు టోక్యోలో ప్రవేశపెట్టారు. మన దేశానికి 1894లో దీనిని తెచ్చినది ఆ తొలి ఆటలో ఒక జట్టుకు నాయకత్వం వహించిన డంకన్ పాటనే అని క్రీడాచరిత్ర చెబుతున్నది.

దక్షిణ దేశానికి స్ప్రింగ్‌ఫీల్డ్‌తో గల సంబంధం ఇంకా గాఢమైనది. ఆ పాఠశాలలో చదివిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యాశాలను స్థాపించారు. 1924 పారిస్ ఒలింపిక్ పోటీలకు వెళ్ళిన భారత బృందాన్ని తీర్చిదిద్దినవారిలో ఆయన ఒకరు. మద్రాసులో శిక్షణ పొందిన వ్యాయామోపాధ్యాయులు ఆంధ్ర దేశంలోని పాఠశాలలకు, కళాశాలలకు వచ్చి పనిచేశారు. ఈల మెడలో వేసుకొని మన పిల్లలకు ఆట నేర్పిన ఎందరో మాస్టర్ల గురుపరంపరను వెదుక్కుంటూ పోతే ఆ పద్దెనిమిది మంది తరగతి వద్దకే చేరుతుంది. 1950లో భారత బాస్కెట్ బాల్ సమాఖ్య ఏర్పడింది. 1980 మాస్కో ఒలింపిక్ క్రీడలలో మన పురుషుల జట్టు పాల్గొన్నది. గెలుపు దక్కకపోయినా ఆ వేదికపై నిలిచింది.

1936లో బెర్లిన్ నగరంలో బాస్కెట్ బాల్ తొలిసారి ఒలింపిక్ పతక క్రీడ అయింది. డెబ్బై నాలుగేండ్ల నైస్మిత్ స్వయంగా హాజరయ్యారు. వర్షంలో, తడిసిన మట్టి నేలపై జరిగిన తుది పోటీలో అమెరికా పందొమ్మిది పాయింట్లతో ఎనిమిది పాయింట్ల కెనడాను ఓడించింది. ఒకటి ఆయన పుట్టిన దేశం, మరొకటి ఆయన పనిచేసిన దేశం! మూడేండ్లకు, 1939లో ఆయన కన్నుమూశారు. ఈ ఆటతో ఆయన ధనం కూడబెట్టలేదు. కాన్సాస్‌లో ఆయన శిక్షణ ఇచ్చిన జట్టు గెలిచిన ఆటలు యాభై ఐదు, ఓడినవి అరవై. ఆటను సృష్టించినవాడే ఆ విశ్వవిద్యాలయ శిక్షకులలో గెలుపులకంటె ఓటములు ఎక్కువగా గలవాడు కావడం విచిత్రం. గెలుపు కంటె ఆడడం ముఖ్యమని ఆయన తలచారు.

తలుపు తెరవని రోజులు

కథ ఇంతటితో ముగిస్తే సగం సత్యమే చెప్పినట్లవుతుంది. నిబంధనలు ఎంత న్యాయంగా ఉన్నా, ఆటస్థలంలోనికి ఎవరిని రానిస్తారన్నది నిబంధనల కాగితంలో ఉండదు. 1933లో జాన్ మెక్లెండన్ అనే నల్లజాతి యువకుడు కాన్సాస్ విశ్వవిద్యాలయంలో వ్యాయామ విద్య చదవడానికి చేరాడు. ఆటను సృష్టించిన నైస్మిత్ అక్కడే ఆచార్యులు. ఆయన ఆ యువకుని చేరదీసి, దగ్గర కూర్చోబెట్టుకొని ఆట మర్మాలన్నీ నేర్పారు. అయినా విశ్వవిద్యాలయ జట్టులో ఆడే అవకాశం మాత్రం ఆ శిష్యునికి దక్కలేదు. కారణం చర్మపు రంగు. మెక్లెండన్ 1936లో పట్టం పుచ్చుకొని, నల్లవారి కళాశాలలో శిక్షకుడై, వేగం ప్రధానంగా గల కొత్త ఆటతీరును తీర్చిదిద్దారు. 1944 మార్చిలో ఒక ఆదివారం నాడు, తలుపులు బిగించి, ప్రేక్షకులు లేకుండ, ఆయన జట్టు డ్యూక్ విశ్వవిద్యాలయ వైద్య విద్యార్థుల తెల్ల జట్టుతో రహస్యంగా ఆడింది. బహిరంగంగా ఆడితే ప్రమాదమన్న కాలమది. ఆయన జట్టు ఎనభై ఎనిమిది పాయింట్లు, ప్రత్యర్థులు నలభై నాలుగు. ఆ తరువాత వారు కలిసి జట్లు మార్చుకొని మరొకసారి ఆడారు. 1957 నుండి 1959 వరకు ఆయన జట్టు వరుసగా మూడేండ్లు జాతీయ కళాశాల టోర్నమెంటులో విజయం సాధించింది.

తలుపు వేసినవారి పేర్లు ఎవరికీ జ్ఞాపకం లేవు. తలుపు వేసి ఉన్నా గోడ పక్కన నిలిచి ఆట నేర్చినవాని పేరు చరిత్రలో నిలిచింది. చిన్న వర్గాల నుండి, పేద కుటుంబాల నుండి వచ్చే మన విద్యార్థులకు ఇందులో గొప్ప ధైర్యమున్నది.

మనం గ్రహించవలసినది

విద్యార్థినీ విద్యార్థులారా! పదమూడు నిబంధనలు పుట్టడానికి కారణం మీవంటి వారే. మార్కుల పట్టికలలో మంచి పేరు లేని పద్దెనిమిది మంది విసుగు నుండి ప్రపంచానికొక క్రీడ లభించింది. అయితే విసుగు ఒక్కటే చాలదు సుమా! పెదవి విరిచిన మహాన్ కూడ ఒక్కసారి ఆడి చూచాడు. మీరు కూడ కొత్త పాఠానికి ఒక్కసారి అవకాశమిచ్చి చూడండి.

అధ్యాపక మిత్రులకు ఒక మనవి. దారికి రాని తరగతిని చూచినప్పుడు దోషం విద్యార్థిలో ఉన్నదా, పద్ధతిలో ఉన్నదా అని ఒక్క నిమిషం ప్రశ్నించుకొందాం. నైస్మిత్ సాధించినదంతా ఆ ఒక్క ప్రశ్నతోనే ప్రారంభమైంది. మూడుసార్లు తప్పిన తరువాతనే ఆయనకు దారి దొరికిందని కూడ మరువవద్దు.

కళాశాల కమిటీ వారికి వినయపూర్వకమైన విజ్ఞప్తి. ఈ ఆటకు భవనాలు అక్కరలేదు. రెండు స్తంభాలు, పది అడుగుల ఎత్తున రెండు ఇనుప వలయాలు, ఒక బంతి, చదును చేసిన నేల ఉంటే చాలు. అన్నింటికంటె ముఖ్యం, కాలపట్టికలో ఆటకు కేటాయించిన గంటను మరొక పాఠానికి అప్పు ఇవ్వకుండ ఉండడం. విద్యార్థినులకు ప్రత్యేకంగా ఒక వేళ, ఒక చోటు ఏర్పాటు చేస్తే వారూ వెనుదీయరు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఆ పనికి పట్టిన సామాను రెండు పండ్ల బుట్టలే. ఆ తరగతిని మాత్రం ఒక అధ్యాపకుడు చివరి వరకు వదలలేదు.